ఆగ్నెస్ గారి తరఫున

తూలూజ్,
2024 జూన్ 11

ఫిలోమినా,

నువ్వు క్షేమంగా ఉన్నావనీ, లైబ్రరీలో ఉద్యోగం కూడా వచ్చిందనీ నిన్న పరాయి పిల్ల నోట విన్నాను. మూడు క్రిస్మస్‌లు దాటాయి, నీ దగ్గర నుంచి కార్డు ముక్క లేదు. మీ నాన్న పోయాక యానాంలో నాకు మిగిలిన రక్తం నువ్వొక్కదానివే. ఆ రక్తానికి నాలుగు వాక్యాలు రాసే తీరిక లేదు.

నాకు చెవులు ఇంచుమించు పోయాయి. ఫోనులో ఎవరు మాట్లాడినా నోటినిండా అన్నం పెట్టుకుని మాట్లాడినట్టుంటుంది. కాబట్టి నాతో పనున్నవాళ్ళు కాగితం మీదే మాట్లాడాలి. మీ మామయ్య పుదుచ్చేరిలో నోటరీ దగ్గర పాతికేళ్ళు గుమాస్తాగా చేసి నాకు నేర్పిన చదువు అంతా ఒక్క ముక్క: చెప్పిన మాట గాలి, రాసిన మాట గోడ.

ఇక విషయం. మన వీధి వాళ్ళ సాయిదివ్య ఇక్కడ విమానాల చదువుకి వచ్చింది. కాకినాడ కాజాలు తెచ్చింది. కాఫీ తాగుతూ నవ్వుతూ, నా చెవి దగ్గరకొచ్చి అరిచి మరీ అంది: "ఆంటీ, మీరు భలే స్ట్రిక్టటండి! ఆ ముసలావిణ్ణి వానలో మంచంతో సహా బయట పెట్టించేశారంట కదా!"

ఏ ముసలావిడ అన్నాను. "ఆరోగ్యమ్మ గారండి. మెట్టకూరులో పోయారు కదా, రెండేళ్ళయింది" అంది.

ఆరోగ్యమ్మా? చర్చిలో నాతో కలిసి ఒకే బెంచీ మీద కూర్చున్న ఆరోగ్యమ్మా? మా అమ్మకి చివరి రోజు దాకా గంజి పట్టి, ఒళ్ళు తుడిచి, ఆ వెనక గదిలో ఇరవై ఏడేళ్ళు ఉన్న మనిషిని నేను వానలో పెట్టించానా? ఎవడు పెట్టాడు? నా పేరు చెప్పి పెట్టాడా? ఇల్లు చూసుకోమని పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చింది వెంకటరమణకి. నా పేరు వాడగలిగిన మనిషి అతనొక్కడే.

నీకు తెలిసినంతా రాయి. ఒక్క ముక్క దాచినా నాకు తెలుస్తుంది.

మీ మేనత్త,
ఆగ్నెస్

యానాం,
2024 జూన్ 27

ఆగ్నెస్ అత్తకు,

మీ ఉత్తరం సోమవారం వచ్చింది. రెండు రోజులు బల్ల మీద పెట్టి చూస్తూ ఉన్నాను.

నేను మూడేళ్ళుగా రాయకపోవడానికి కారణం ఒకటే. ఆరోగ్యమ్మ దొడ్డమ్మని మీరే పొమ్మన్నారని అనుకున్నాను.

2021 ఆగస్టులో నేను పుదుచ్చేరిలో పరీక్షలు రాస్తున్నాను. తిరిగి వచ్చేసరికి వెనక గదికి కొత్త తాళం ఉంది. దొడ్డమ్మ మెట్టకూరులో వాళ్ళ అక్క మనవరాలి ఇంటి వసారాలో ఉంది. నేను వెళ్ళాను. "మీ అత్త పొమ్మంది కదే, పోయేను" అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. మిమ్మల్ని తిట్టలేదు. తిట్టి ఉంటే నేను మీకు రాసి అడిగేదాన్నేమో.

వీధిలో వాళ్ళు చెప్పింది: వెంకటరమణ గారు ఇద్దరు మనుషులతో వచ్చి మంచం, ట్రంకు పెట్టె, మరియమ్మ పటం గేటు పక్కన పెట్టించారు. వాన పడుతోంది. మంచం మీద కూర్చుని దొడ్డమ్మ గొడుగు కూడా వేసుకోలేదు. అడిగినవాళ్ళకి ఆయన "ఆగ్నెస్ అక్క ఆర్డరు" అన్నారు. వారం తిరగకుండా ఆ గదిలో ఆయన ఐసు పెట్టెలు వచ్చాయి. చేపల మార్కెట్టుకి అక్కడి నుంచే ఐసు వెళ్తోంది.

దొడ్డమ్మ ఏడాది బతికింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము అన్నారు.

మీరు కాదంటున్నారు. అయితే మూడేళ్ళు నేను తప్పు మనిషిని ద్వేషించాను. మీకు క్షమాపణ చెప్పాలి, చెప్తున్నాను. మిగిలింది ఎవరికి చెందాలో వాళ్ళకి ఇవ్వాలి. ఎలాగో నాకు తెలియదు. నాకు గట్టిగా మాట్లాడటం రాదని మీకు తెలుసు. లైబ్రరీలో మాట్లాడుకునేవాళ్ళని కూడా ఊరుకోమనలేను, దగ్గరికి వెళ్ళి నిలబడతాను.

అమ్మ మిమ్మల్ని అడిగానని రాయమంది. గోదారి ఎర్రబడింది. ఇక్కడ ఇంకా సరిగా వాన పడలేదు.

ఫిలోమినా

తూలూజ్,
2024 జూలై 9

బంగారు ఫిలో,

నీ ఉత్తరం చదివి ఆ రోజంతా ఏమీ తినలేదు. మర్నాడు రైలెక్కి మార్సెయ్ వెళ్ళాను, మన కాన్సులేటు అక్కడే ఉంది. అరవై తొమ్మిదేళ్ళ మనిషిని, మోకాళ్ళకి పట్టీలు కట్టుకుని వెళ్ళాను. కోపం ఎంత మంచి మందో డాక్టర్లకి తెలియదు.

ఇందులో రెండు కాగితాలున్నాయి. మొదటిది రద్దు పత్రం: వెంకటరమణకి ఇచ్చిన పవర్ తీసేశాను. రెండోది నీకు: ఇక నా ముక్త్యారు, అంటే నా ఏజెంటు, నువ్వు. మీ మామయ్య పాత నమూనా చూసి ఒక్క పనీ వదలకుండా రాయించాను. ఇల్లు చూడటం, తాళాలు వేయడం, తీయడం, దావా వేయడం, దావా వెనక్కి తీసుకోవడం, వాంగ్మూలం ఇవ్వడం, సంతకం పెట్టడం. అక్కడ స్టాంపు వేయించుకో. అన్నపూర్ణ అనే లాయరమ్మ ఉందట, కోర్టు ఎదురుగానే, సాయిదివ్య వాళ్ళమ్మ చెప్పింది. ఆవిడ దగ్గరికి వెళ్ళు.

పవర్ అంటే ఏమిటో తెలుసా నీకు? నా చేయి కోసి నీ భుజానికి కుట్టడం. నువ్వు సంతకం పెడితే నేను పెట్టినట్టు. నువ్వు తలుపు తెరిస్తే నేను తెరిచినట్టు. అందుకే అతని మీద నాకింత మంట. నా చేత్తోనే ఆరోగ్యమ్మని బయట పెట్టాడు. అది చచ్చిపోయేటప్పుడు నా చేయే చూసి ఉంటుంది.

ఇప్పుడు విను. ముక్త్యారుని తీసేస్తే వాడికి చెప్పాలి, వాడితో లావాదేవీలున్న జనానికీ చెప్పాలి. పేపర్లో వేస్తే ఎవరు చదువుతారు, సమోసాల కింద పెట్టుకుంటారు. మైకు పెట్టు. ఆటో మీద మైకు. యానాం వీధి వీధీ తిరగాలి, దరియాలతిప్ప దాకా వెళ్ళాలి. చేపల మార్కెట్టు దగ్గర మూడు సార్లు ఆగాలి. వాడి ఐసు పెట్టెల ముందు ఐదు సార్లు. వాళ్ళ ఆవిడకి వినపడాలి.

ఆ ఐసు పెట్టెలు బయట పారెయ్యి. వాన ఉన్న రోజు చూసుకో.

నీ చేయి వణికితే అది నా చేయి అనుకో, వణకదు.

నీ అత్త

యానాం,
2024 ఆగస్టు 1

ఆగ్నెస్ అత్తకు,

మీరు చెప్పినవి చేశాను.

అన్నపూర్ణ గారు రద్దు పత్రం నకలు రిజిస్టర్డ్ పోస్టులో వెంకటరమణ గారికి పంపారు. "మైకు చట్టంలో లేదమ్మా, కానీ వద్దనీ లేదు" అన్నారు. నవ్వలేదు. ఆవిడకి మీ ఉత్తరం నచ్చిందనుకుంటాను.

ఆటో నాగసాయిది. ఎన్నికల్లో ప్రచారానికి తిరిగిన ఆటోనే. గొంతు ఎవరిది పెట్టాలి అని అడిగాడు. మామూలుగా కాకినాడ నుంచి ఒకావిడ చదువుతుందట. నేనే చదువుతానన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆటోకి పరదాలు దించి, లోపల కూర్చుని, ఫోనులో చదివాను. "యానాం ప్రజలకు మనవి. ఆగ్నెస్ గారి ఇంటి విషయంలో ఆమె ఏజెంటుగా ఉన్న వెంకటరమణ గారికి ఇకపై ఎలాంటి అధికారమూ లేదు. ఆయన మాట ఆమె మాట కాదు. ఆయన సంతకం ఆమె సంతకం కాదు." మొదటిసారి గొంతు పడిపోయింది. నాగసాయి "కొంచెం కోపంగా అనండి మేడం" అన్నాడు. నాలుగోసారి బాగా వచ్చింది.

మంగళవారం పొద్దున్న తిప్పాం. నేను ఆటోలో వెనక కూర్చున్నాను. నా గొంతు వీధి చివర గోడకి తగిలి తిరిగి వస్తోంది. మార్కెట్టులో బుట్టల వాళ్ళు లేచి నిలబడ్డారు.

"ఎవత్తే ఆ గొంతు? చర్చిలో పాఠం చదివే పిల్లది కాదేంటి?"

"అదే. నోట్లో నాలిక లేదనుకున్నాం. ఇంత నాలికుందేంటే బాబూ!"

"ఏం ఎంకటరమణా, నీ పెత్తనం ఐసులా కరిగిపోయిందంట గదా!"

ఆయన ఐసు పెట్టె మూత చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయారు. మూత వేయలేదు, తీయలేదు. ఐదు సార్లూ విన్నారు. వాళ్ళ ఆవిడ మేడ మీద బట్టలు ఆరేస్తోంది, సగంలో లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం వాన పట్టింది. గది తాళం తీయించాను. పెట్టెలు మొత్తం పదకొండు. దొడ్డమ్మ మంచం పెట్టిన చోటే, గేటు పక్కనే పెట్టించాను. ఎవరు చెప్పారు అక్కడ అని కూలీలు అడిగారు. "ఆగ్నెస్ గారు" అన్నాను.

అత్తా, నాకు సిగ్గు వేయలేదు. ఇంటికి వచ్చి అద్దంలో చూసుకున్నాను. చాలా కాలం తర్వాత అన్నం రుచిగా ఉంది.

గదిలో గోడకి మరియమ్మ పటం మేకు అలాగే ఉంది. తీయలేదు.

ఫిలో

తూలూజ్,
2024 ఆగస్టు 12

నా ఫిలో,

నీ ఉత్తరం ఏడు సార్లు చదివాను. మా కింది వాటాలో ఉండే ముసలాయన మెట్ల మీద కనబడి ఎందుకు అంత వెలిగిపోతున్నావు అని సైగ చేశాడు. పెళ్ళి కుదిరిందన్నాను.

కానీ మైకు ఒక పూట ముచ్చట. జనం రేపు మరిచిపోతారు. "ఆగ్నెస్ గెంటించింది" అన్నది మాత్రం మరిచిపోరు. నా పేరు నాకు కావాలి, తిరిగి కావాలి. ఆరోగ్యమ్మని గెంటింది నా ఆజ్ఞతో కాదు, వాడి సొంత లాభానికి వాడు చేసుకున్న పని అని కోర్టు చేత చెప్పించాలి. కోర్టు కాగితం మీద జడ్జి సంతకంతో. దాన్ని ఫ్రేము కట్టించి చర్చి వసారాలో వేలాడదీయిస్తాను. వాడు ఇక ఏ ఇంటికీ ఏజెంటుగా పనికిరాడు. యానాంలో పుదుచ్చేరి వాళ్ళవీ, ఫ్రాన్సు వాళ్ళవీ తాళం వేసిన ఇళ్ళు ఎన్ని లేవు! అవన్నీ చూసుకుని బతుకుతున్నాడు. ఒక్క తాళంచెవి కూడా మిగలకూడదు.

దావా వెయ్యి. నా తరఫున నువ్వే సంతకం పెట్టు.

ఇక్కడ ఎండలు పేలిపోతున్నాయి. నా జెరేనియం చచ్చింది. ఫర్వాలేదు.

ఆగ్నెస్

యానాం,
2024 సెప్టెంబరు 6

ఆగ్నెస్ అత్తకు,

ఆగస్టు ఇరవై ఆరున దావా వేశాం. "తొలగింపు నా ఆజ్ఞ ప్రకారం జరగలేదు, నాకు తెలియదు" అని ఉంది. కింద "పై విషయాలు నాకు తెలిసినంతవరకు నిజం" అని ఉంది. మీ పేరు, దాని కింద మీ తరఫున నా సంతకం.

మూడో తేదీన వెంకటరమణ గారు లైబ్రరీకి వచ్చారు. చేతిలో గుడ్డ సంచి. పిల్లలు పేపర్లు చదువుతున్నారు. ఆయన నా బల్ల ముందు నిలబడి, "అమ్మాయ్, కూర్చోమనవేంటి?" అన్నారు. నేను అనలేదు. ఆయనే కూర్చున్నారు.

సంచిలో మీ ఇంటి కాగితాలన్నీ ఉన్నాయి. పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, మీరు పద్నాలుగేళ్ళుగా రాసిన ఉత్తరాలు, తాళంచెవులు. నూలు దారంతో కట్టి ఉన్నాయి.

"మా నాన్న దొరల కాలంలో ముక్త్యారు చేశాడు," అన్నారు. "కొలువు ఊడిన రోజున యజమాని కాగితం ఒక్కటి కూడా ఇంట్లో ఉండకూడదనేవోడు. నకలు కూడా. అందుకని తెచ్చేను. నువ్వు మైకులో ఊడబీకేవు గదా, నెల పట్టింది సర్దడానికి."

"మీ లాయరుకి ఇవ్వండి," అన్నాను.

"మావోడూ అదే అన్నాడు. వాడికి బుద్ధి లేదు. అక్క కాగితం అక్క మనిషికే ఇవ్వాలి. ఇంక నువ్వే అక్క మనిషివి." పై ఉత్తరం తీసి నా ముందు పెట్టారు. "అన్నీ తరవాత చదువుకో. ఇదొక్కటి ఇప్పుడు చదువు."

అది మీ చేతిరాత. 2021 ఫిబ్రవరి 9. నేను ఇక్కడ రాస్తున్నాను, మీరు రాసినట్టే:

"వెంకటరమణా, ఆరోగ్యమ్మ ఆ ఇల్లు తనదని చెప్పుకుంటోందట. పన్నెండేళ్ళు ఎవరూ అడగకపోతే ఉన్నవాళ్ళదే అవుతుందని మా ఆయన అనేవారు. నా అనుమతితో ఉంటున్నానని స్టాంపు కాగితం మీద దాని వేలిముద్ర వేయించు. వెయ్యనంటే ఆగస్టు నెలాఖరు లోపల ఖాళీ చేయించు. నాకు కబుర్లు వద్దు. పని అయిందని ఒక్క ముక్క రాయి చాలు."

నేను మూడు సార్లు చదివాను. ఆయన అంతసేపూ పేపర్లు చదివే పిల్లల్ని చూస్తూ కూర్చున్నారు.

"వేలిముద్ర అడిగారా?" అన్నాను.

"ఆరు నెలలు అడిగేను. ఏలు గుప్పిట్లో ముడుచుకుని కూచునేది. దరియాలతిప్ప పొలం ఆళ్ళ అన్నదమ్ములు ఏలిముద్రతోనే కదా లాగేసుకున్నారు. ఇంక సచ్చినా ఎయ్యనని మరియమ్మ మీద ఒట్టేసిందంట. 'ఆగ్నెస్ నన్ను ఏలు అడగదు, నువ్వు అబద్ధం చెప్తున్నావు' అంది. ఉత్తరం చూపించేను. చదవడం రాదు గదా. అయినా ఆ రాత గుర్తుపట్టింది. ఆ రోజునే పెట్టె సర్దుకుంది."

"వాన తగ్గేదాకా ఆగలేకపోయారా?"

"ముప్ఫై ఒకటో తారీకు. నెలాఖరు." ఖాళీ సంచి మడుస్తూ అన్నారు: "ఐసు పెట్టెలు మాత్రం అక్క చెప్పలేదు. అది నా ఎదవబుద్ధి. దానికి నువ్వు నడిరోడ్డు మీద పెట్టేవు, సరిపోయింది. కానీ ముసలమ్మని పంపింది మాత్రం నేను కాదు. నేను అక్క చెయ్యిని."

వెళ్ళేటప్పుడు "ఆ పనయ్యేక 'పని అయింది' అని రాసేను. అక్క ఏ పని అని అడగలేదు" అన్నారు.

అత్తా, ఇది మీరు మరిచిపోయి ఉంటారని అనుకుంటున్నాను. వేలిముద్ర పడిందని అనుకుని ఉంటారు. అంతే కదా? దావాలో అబద్ధం మీద నా సంతకం ఉంది. ఏం చేయమంటారో రాయండి.

ఫిలోమినా

తూలూజ్,
2024 సెప్టెంబరు 18

ఫిలోమినా,

అవును, వేలిముద్ర పడిందనే అనుకున్నాను. పని అయింది అంటే ఏమని అనుకోవాలి?

ఇక నా వైపు వేలు చూపించే ముందు నీ చేతిరాత కూడా చూసుకో. 2020 క్రిస్మస్‌కి నువ్వు రాసిన ఉత్తరం నా దగ్గరే ఉంది. ఇదిగో: "దొడ్డమ్మ రోజూ అంటోంది, ఈ ఇల్లు నాదేనే, మీ అత్త వస్తే దాని దగ్గర నేనే అద్దె వసూలు చేస్తానని." దాని పక్కన నువ్వు నవ్వే బొమ్మ కూడా వేశావు. ఇరవై రెండేళ్ళ పిల్లవి, చదువుకున్నదానివి. నాలుగు సముద్రాల అవతల ఒంటరిగా, చెవులు వినపడని మనిషికి ఆ వాక్యం ఎలా వినిపిస్తుందో ఆలోచించావా? నువ్వు రాయకపోతే నేను రాసేదాన్ని కాదు. నేను రాయకపోతే వాడు చేసేవాడు కాదు. కాబట్టి మొదలు ఎవరు?

అయినా నిన్ను వదిలేస్తున్నాను, రక్తం కాబట్టి.

ఇప్పుడు చెప్పింది చెయ్యి. వాడు వెర్రివాడు, అసలు కాగితం తెచ్చి నీ చేతికిచ్చాడు. నకలు కూడా ఉంచుకోలేదు. దేవుడు అలాంటివాళ్ళని నీ దగ్గరికి పంపినప్పుడు కాదనకూడదు. ఆ ఉత్తరం నాది. నా కాగితాన్ని నేను తగలబెట్టమంటున్నాను. పొయ్యిలో వెయ్యి, బూడిద కూడా ఉంచకు. కోర్టులో వాడు ఏం చెప్పినా గాలి మాట. వాడిని వదలొద్దు. ఎవరిని అడిగి ఐసు పెట్టెలు పెట్టాడట? వాన తగ్గేదాకా ఆగమని నేను చెప్పాలా వాడికి?

ముక్త్యారు వాదించదు. ఆజ్ఞ చదివి, చేసి, పని అయిందని రాస్తుంది.

ఆగ్నెస్

యానాం,
2024 అక్టోబరు 3

ఆగ్నెస్ అత్తకు,

నేను రాసిన వాక్యం గుర్తుంది. దొడ్డమ్మ ఆ మాట అన్నప్పుడు చేపలు తోముతోంది. నేను నవ్వాను. మీరూ నవ్వుతారనుకున్నాను. అది నాదే, మీ మీదికి తోయను.

ఉత్తరం తగలబెట్టలేదు. ఇంట్లో కాదు, అన్నపూర్ణ గారి బీరువాలో ఉంది. "ఏజెంటుని, చెప్పింది చేశాను అంటే మంచి పనికి సరిపోతుంది. కోర్టులో ఉన్న కేసు సాక్ష్యం కాల్చడానికి సరిపోదు. అప్పుడు నీ చేయి నీదే" అన్నారావిడ.

ఒక్కటే అడుగుతాను. దరియాలతిప్ప పొలం పోయిన రోజు దొడ్డమ్మ పరుగెత్తుకుని వచ్చింది మీ దగ్గరికే అని నానమ్మ చెప్పేది. వేలికి సిరా మీరే కడిగారట. ఇక వేలిముద్ర వేయనని ఒట్టు వేసింది మీ ముందే. ఆ వేలిముద్రే ఎందుకు అడిగారు? వేయదని మీకు తెలుసా?

తెలియదని రాయండి. నమ్ముతాను.

ఫిలోమినా

తూలూజ్,
2024 అక్టోబరు 14

ఫిలోమినా గారికి,

మార్సెయ్ మళ్ళీ వెళ్ళొచ్చాను. ఇందులో రద్దు పత్రం ఉంది. ఇకపై మీరు నాకు ఏజెంటు కారు, నా ఇంటితో, నా పేరుతో, నా కాగితాలతో మీకు సంబంధం లేదు. ఆ ఉత్తరం వెంటనే తిరిగి పంపండి. మీకు కావాలంటే నేనూ యానాం వీధుల్లో మైకు పెట్టిస్తాను. నాగసాయి డబ్బిస్తే ఎవరి మీదైనా తిప్పుతాడు.

అడిగారు కాబట్టి చెప్తున్నాను. తెలుసు. వేయదని తెలుసు. నా కోసమైనా వేస్తుందేమో చూద్దామనుకున్నాను. యాభై ఏళ్ళ స్నేహంలో ఒక్కసారి నా కోసం ఒట్టు గట్టున పెడుతుందా అని. ఇంత దూరంలో కూర్చున్న మనిషికి పరీక్షించడానికి ఇంకేం మిగులుతుంది? పెట్టలేదు. నా రాత గుర్తుపట్టి కూడా పెట్టలేదు. ఒక్క మాట రాయించి పంపలేదు, "ఆగ్నెస్, ఇదేమిటి" అని. నేను ఎదురుచూశాను. మూడేళ్ళు ఎదురుచూశాను, అది చచ్చిపోయిందని తెలియక.

ఇక మీరు తీర్పు చెప్పుకోండి, కాన్వెంటు పిల్ల కదా.

ఆగ్నెస్

యానాం,
2024 నవంబరు 2

ఆగ్నెస్ గారికి,

మీ రద్దు పత్రం అక్టోబరు ఇరవై నాలుగు, గురువారం మధ్యాహ్నం రెండు గంటలకి నా చేతికి వచ్చింది. పోస్టుమ్యాన్ రసీదు మీద సమయం వేయించుకుని నకలు ఇందులో పెట్టాను.

వాయిదా మంగళవారం, ఇరవై రెండున జరిగింది.

మీ జవాబు కోసం ఆ రోజు పొద్దున దాకా చూశాను. పది గంటలకి వెంకటరమణ గారు వచ్చారు. ఆయన వెనకాల ఆయన కొడుకు, తాళంచెవులు వెనక్కి తీసుకున్న నలుగురు ఇళ్ళవాళ్ళు, మార్కెట్టు నుంచి బుట్టలు దించుకుని వచ్చిన వాళ్ళు కొందరు ఉన్నారు. తమాషా చూడటానికి. "ఈ పిల్ల ఇయ్యాల ఎంకటరమణని ఉప్పేసి ఎండబెడతాదంట" అని ఎవరో అన్నారు. నేను విన్నాను. అన్నపూర్ణ గారు కాగితం నా ముందు పెట్టారు. నేను సంతకం పెట్టాను. బెంచి గుమాస్తా పైకి చదివాడు. ఆయనకి గొంతు మంచిది, మైకు అక్కర్లేదు.

మీకు పూర్తిగా రాస్తున్నాను, ఎందుకంటే అది మీరు చెప్పిన మాట:

"ఆరోగ్యమ్మను నా ఇంటి వెనక గది నుంచి తొలగించమని 2021 ఫిబ్రవరి 9న నేనే వెంకటరమణను ఆజ్ఞాపించాను. ఆజ్ఞ అసలు ప్రతి జతచేశాను. అతను నా ఏజెంటుగా ఆ పని చేశాడు. అతను చేసింది నేను చేసినట్టే. దావాలో దీనికి విరుద్ధంగా చెప్పింది నిజం కాదు. దావా ఉపసంహరించుకుంటున్నాను. ఆగ్నెస్. ఆమె తరఫున, ఫిలోమినా."

దాని కింద ఒక పేరా నా సొంత పేరు మీద వేరేగా రాశాను. ఇల్లు ఆరోగ్యమ్మ తనదంటోందన్న మాట మీకు చేరవేసింది నేనేనని. అది ఎవరూ అడగలేదు. జడ్జి గారు ఒకసారి తలెత్తి చూశారు, మళ్ళీ దించుకున్నారు.

వెంకటరమణ గారు వచ్చి దండం పెట్టబోయారు. వద్దన్నాను. "మీ కోసం చేయలేదు. ముప్ఫై ఒకటో తారీకుకి ముందు ముప్ఫై రోజులున్నాయి. వాటిలో ఒక్క రోజైనా ఎండ కాసి ఉంటుంది" అన్నాను. ఆయన ముఖం చూశాను. ఐసు పెట్టెల రోజున చూసిన దానికంటే బాగా చూశాను. తాళంచెవులు ఆయనకి ఎవరూ తిరిగి ఇవ్వలేదు. అది నేను చేసిన పని కాదు, ఆపనూ లేదు.

బుట్టల వాళ్ళు వెళ్తూ వెళ్తూ అనుకున్నారు. "చూసేవా, ఫ్రాన్సులో కూచుని కూడా ఒప్పుకుంది. గొప్ప మనిషే." మరొకామె "గొప్పేంటే, తోడుగున్న దాన్ని వానలో పెట్టించి!" అంది. రెండూ మీ గురించే. మీరు యానాంలో మీ పేరు తిరిగి కావాలన్నారు. ఇప్పుడు ఉన్నది మీ పేరే.

మీ ఉత్తరం అది జరిగిన రెండు రోజులకి వచ్చింది. అందులో తెలుసు అన్న మాట చదివాను. ముందే వచ్చి ఉంటే ఆ కాగితంలో అది కూడా రాయించేదాన్ని. మీరు ఎదురుచూశారని రాశారు. ఆమె కూడా మెట్టకూరు వసారాలో ఏడాది ఎదురుచూసింది, మీరు ఒక్క ముక్క రాసి అడగలేదు. నేనూ రాయలేదు. ఆ ఏడాది యానాం నుంచి తూలూజ్‌కి ఎన్ని విమానాల టపా వెళ్ళి ఉంటుందో.

ఇవాళ సమాధుల పండుగ. మెట్టకూరు వెళ్ళొచ్చాను.

మీరు నకలు తెప్పించుకుని, ఈ పిల్ల ఆజ్ఞ మీరింది, ఇది నేను చెప్పింది కాదు అని కోర్టులో వేయొచ్చునేమో అని అన్నపూర్ణ గారిని అడిగాను. ఆవిడ మీ పవర్ పత్రం తీసి చదివారు. దావా వెనక్కి తీసుకోవడం, వాంగ్మూలం ఇవ్వడం, సంతకం పెట్టడం, ఒక్క పనీ వదలకుండా ఉంది. తర్వాత అన్నారు: "రద్దు ఎప్పుడు రాశారన్నది కాదమ్మా, నీకు ఎప్పుడు తెలిసిందన్నది లెక్క. గురువారం నుంచి నువ్వు ఆవిడకి ఎవరివీ కావు. మంగళవారం నాడు నువ్వే ఆవిడవి."

కాబట్టి అది మీ సంతకమే, అత్తా. నాది కాదు.

ఫిలోమినా